కొత్త పెయింటు మీద కార్నాబా వాక్సు: నాలుగు నెలల వాడకం తర్వాత

బానెట్‌కీ, ఎడమవైపు రెండు డోర్లకీ రంగు వేయించి ఏడు నెలలైంది. ముదురు నీలం. మొదటి మూడు నెలలు ఏమీ రాయలేదు, ఆ తర్వాతి నుంచి కార్నాబా పేస్ట్ వాక్సు వాడుతున్నాను. చిన్న గుండ్రటి డబ్బాలో, వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే దిగేంత గట్టిగా ఉంటుంది.

వాక్సు సంగతికి ముందు, ఆ మూడు నెలల సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో రంగు వేశాక బాడీని దాదాపు 140 డిగ్రీల వేడిలో పెడతారు. అప్పటికి దానికి టైర్లు, సీట్లు, వైర్లు ఉండవు కాబట్టి కుదురుతుంది. తయారైన బండికి మళ్లీ వేసే రంగుని 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు, లేదంటే మామూలు గాలికే వదిలేస్తారు. చేతికి అంటకపోయినంత మాత్రాన ఆరిపోయినట్టు కాదు. లోపలి సాల్వెంట్, అంటే రంగుని పల్చన చేసే ద్రవం, వారాల తరబడి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది, అప్పటిదాకా పై పొర మెత్తగానే ఉంటుంది. వాక్సు రాసే ముందు ఎన్నాళ్లు ఆగాలో వాక్సు డబ్బాల మీద 30 రోజులని ఒకరు, 60 అని ఒకరు రాస్తారు. నా పెయింటర్ 90 అన్నాడు. రంగు గట్టిపడడానికి ఏ హార్డెనర్ కలిపాడో, ఎలా ఆరబెట్టాడో తెలిసినవాడు అతనే కదా, అతని మాటే విన్నాను.

వినడానికి కారణం ఉంది. పాత బండి బంపర్‌కి రంగు వేయించిన పదో రోజునే క్లీనర్ వాక్సు రుద్దేశాను. అందులో మరకలు తీయడానికి సన్నటి రాపిడి పొడి కలుపుతారని అప్పుడు తెలియదు. ఎండలోకి తీసి చూస్తే బంపరంతా సాలెగూడులాంటి గీతలు. ప్రాణం ఉసూరుమంది. కొత్త రంగుకి పొడి కలవని వాక్సే కొనండి.

ఈసారి ఆ 90 రోజులూ నీళ్లు, కారు షాంపూ, నీడ, అంతే. రెండు బకెట్లు పెట్టుకున్నాను: ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఒక ఉదయం బానెట్ మీద పిట్ట రెట్ట ఎండిపోయి ఉంది. గోరు పెట్టకుండా, తడిపిన మెత్తటి గుడ్డని దాని మీద పరిచి ఐదు నిమిషాలు ఆగాను. నాని, గుడ్డతోపాటే లేచొచ్చింది. అయినా గోరంత మసక మచ్చ మిగిలింది, ఏటవాలుగా చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక వాక్సు. కార్నాబా అంటే బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. 80 డిగ్రీలు దాటితేగానీ కరగదు, ఉత్తదైతే పెళుసుగా విరిగిపోతుంది. అందుకే డబ్బాలో సాల్వెంట్లూ నూనెలూ కలిపి ఇస్తారు. ఫోమ్ ప్యాడ్‌ని డబ్బాలో ఒక్కసారి తిప్పితే సగం డోరుకి సరిపోతుంది. మొదటిరోజు నేను బానెట్‌కి దట్టంగా పూశాను, తుడవడానికే నలభై నిమిషాలు పట్టి భుజాలు పడిపోయాయి. డోర్లకి కింది రంగు కనిపించేంత పల్చగా పూశాను. పూసిన వాక్సు మసకబారాక వేలితో ఒక గీత గీసి చూశాను, వేలికి జిడ్డు అంటకుండా గీత మేర మెరిసింది. మైక్రోఫైబర్ గుడ్డతో రెండుసార్లు తుడిస్తే వచ్చేసింది. బండి ఎండలో ఉన్నా, రేకు వేడిగా ఉన్నా ఈ పని పెట్టుకోకండి, గట్టిపడి చారలు కడుతుంది.

మెరుపు మాటకొస్తే, నాకు నచ్చింది తళతళ కాదు. నీలం రంగుకి లోతు వచ్చింది, సాయంత్రం వెలుతురులో డోరు చూస్తుంటే నిండు బావిలోకి తొంగి చూసినట్టుంది. నీళ్లు గుండ్రటి చుక్కలై జారిపోతున్నాయి, దుమ్ము ఒక్క కడుగుకి పోతోంది.

లోపాలూ ఉన్నాయి. నల్ల ప్లాస్టిక్‌కి తగిలితే తెల్లటి మరక పడుతుంది, టూత్‌బ్రష్‌తో షాంపూ పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు. ముందే టేపు అంటించుకోవాల్సింది. గీతలనీ రెట్టనీ ఇది ఆపదు, కాస్త వ్యవధి ఇస్తుంది అంతే. ఎక్కువ కాలం ఉండదు కూడా: ఇంజిన్ వేడి తగిలే బానెట్ మీద ఏడు వారాలకే నీటి చుక్కలు పరుచుకుపోవడం మొదలైంది, డోర్లు మాత్రం మూడు నెలలు లాగాయి. ఏడాదికోసారి రాసి మర్చిపోదామనుకునేవాళ్లకి ఇది సరిపడదు.

నా వరకు ఐదుకి నాలుగు. బానెట్‌కి మూడో పూత ఈ ఆదివారం, ఈసారి టేపుతో.