మెహదీపట్నం ఫ్యామిలీ క్లినిక్‌లో పీఏ విద్యార్థుల పోస్టింగ్: ఏం నేర్పుతారు, ఏం నేర్పరు

ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టరు పర్యవేక్షణలో పేషెంట్లను చూసే సహాయకులు) కోర్సు చేస్తూ ఫ్యామిలీ మెడిసిన్ పోస్టింగ్‌కి హైదరాబాద్‌లో చోటు వెతుక్కుంటున్నవారి కోసం ఈ రివ్యూ. మెహదీపట్నం వైపు ఉన్న ఓ మోస్తరు క్లినిక్ ఇది. ఇద్దరు ఫ్యామిలీ ఫిజీషియన్లు, ఒక నర్సు, చిన్న ల్యాబు, ఒక ఈసీజీ మెషీన్ ఉన్నాయి. పేషెంటుతో మాట్లాడటం, చేత్తో పరీక్షించడం, డాక్టరుకు కేసు చెప్పడం గట్టిగా రావాలంటే పెద్దాసుపత్రి ఓపీ కంటే ఇదే నయం. కుట్లు వేయడం, ప్రొసీజర్లలో చెయ్యి తిరగడం కావాలంటే మాత్రం ఇక్కడికి రావద్దు.

నయం అనడానికి అసలు కారణం, వచ్చిన పేషెంటే మళ్లీ వస్తారు. ఈ వారం బీపీ మందు మార్చిన మనిషి రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు, వీలైనంతవరకు అదే విద్యార్థికి అప్పగిస్తారు. మందు పనిచేసిందా, అసలు వేసుకున్నారా, కాళ్లు వాచాయని మధ్యలో మానేశారా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందుతో పాదాలు వాస్తాయని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, చెప్పులు పట్టడం లేదని పేషెంటు చెప్పినప్పుడే అది బుర్రకెక్కుతుంది.

కేసు చెప్పే పద్ధతి బాగా నేర్పుతారు. మూడు నిమిషాలే ఇస్తారు. వయసు, ప్రధాన బాధ, ఎన్నాళ్లుగా, ఉన్న లక్షణాలు, ఉండాల్సి ఉండి లేనివి, వైటల్స్ (నాడి, బీపీ, జ్వరం లాంటి కొలతలు), పరీక్షలో కనిపించింది చెప్పాలి. అక్కడితో ఆపితే డాక్టరుగారు ఊరుకోరు. ‘నీ అనుమానం ఏమిటి? ఏది వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది?’ అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న అడిగే చోట్లు తక్కువ. విద్యార్థులు ఎక్కువగా తడబడేది లేనివాటిని చెప్పడంలోనే. జ్వరం కేసులో గొంతునొప్పి, దగ్గు వరుసగా చెప్పుకుపోతారు. వానాకాలంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉన్నాయా లేవా అన్నది వదిలేస్తారు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ కాబట్టి, జ్వరం తగ్గిందన్న మాటతో ఊపిరి పీల్చుకోకూడదని ఇక్కడ పదేపదే చెబుతారు.

భాష విషయంలోనూ మంచి సాధన దొరుకుతుంది. సగం మంది తెలుగులో, సగం మంది దక్కనీ ఉర్దూలో చెబుతారు. ‘గ్యాస్ వట్టింది బిడ్డా, ఒక గోలి ఇయ్యి సాలు’ అని అరవై ఏళ్ల షుగర్ పేషెంటు అంటే, విద్యార్థి కేసు షీటులో ‘గ్యాస్ట్రైటిస్’ అని రాసేయడం ఇక్కడ పెద్ద తప్పు, అది గుండెపోటూ కావచ్చు. ‘నడిస్తే ఎక్కువైతుందా పెద్దమ్మా? చెమటలు పట్టినయా? చెయ్యి, దవడ గుంజినట్టున్నదా?’ అని అడుగుతూనే పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. షుగర్ ఉన్నవారికి గుండెపోటులో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. ఈసీజీకి ఛాతీ మీద అంటించే వీ1, వీ2 లీడ్లు నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. తొందరలో రెండో సందులో పెడితే లేని జబ్బు ఉన్నట్టు గ్రాఫ్ చూపిస్తుంది. గ్రాఫ్‌లో లీడ్ 1 అనే వరుస మొత్తం తలకిందులుగా వస్తే, జబ్బు అనుకునే ముందు చేతుల వైర్లు తారుమారయ్యాయేమో చూడమంటారు.

బీపీ చూడటంలో క్లినిక్ రెండు నాలుకలతో మాట్లాడుతోంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆసరా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడనివ్వకూడదు, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి అని నేర్పుతారు. సాయంత్రం రద్దీలో బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు వేలాడుతుండగానే ఒకసారి చూసి పంపేస్తారు. పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఒకటే ఉంది, అదీ డాక్టరు గదిలో. లావుపాటి చేతికి మామూలు కఫ్ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె మీద మందు మోతాదు పెరుగుతుంది. నేర్పేచోట ఇలా ఉండకూడదు. చేతి చుట్టుకొలత 34 సెంటీమీటర్లు దాటితే పెద్ద కఫ్ అడిగి తెచ్చుకోండి, మొహమాటపడొద్దు.

ఇన్సులిన్ పాఠం కోసమైనా ఈ పోస్టింగ్ చేయొచ్చు. మన దగ్గర వయల్స్‌లో (మందు సీసాల్లో) మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. పేషెంటు ఇంటి నుంచి తెచ్చిన వయలు, సిరంజి రెండూ బల్ల మీద పెట్టించి, ఆయన చేతే లాగించి చూస్తారు. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ తగ్గడం లేదని డోసు పెంచుకుంటూ పోతారు. తిరగేస్తే ఇంకా ఘోరం: 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీతకు లాగితే అది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. మనిషి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు. తర్వాత పొట్ట మీద వేళ్లతో తడిమి గడ్డలు వెతకమంటారు. నొప్పి లేదని అదే గడ్డలో పొడుచుకునేవారు చాలామంది. అక్కడ మందు ఒక్కోరోజు ఒక్కోలా ఒంటికి పడుతుంది. తెల్లగా ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించి కలపాలి. దొర్లించకపోతే పైన పలచగా, అడుగున చిక్కగా ఉండి డోసు కుదరదు.

షుగర్ పేషెంట్ల పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసే పరీక్ష కూడా శ్రద్ధగా చేయిస్తారు. 10 గ్రాముల మోనోఫిలమెంటు (సన్నని నైలాన్ పోగు) ముందు పేషెంటు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో చూపాలి, తర్వాత కళ్లు మూయించాలి. వంగేవరకు నొక్కి తీసేయాలి, ఆనెకాయ మీద పెట్టకూడదు. ‘తగులుతోందా?’ అని ప్రతిసారీ అడిగితే మర్యాదకైనా అవునంటారు. తగిలినప్పుడు ఎక్కడో చెప్పమనండి, నడుమనడుమ ఆనించకుండా కూడా అడగండి.

రంజాన్‌కు ముందు నెలల్లో పోస్టింగ్ దొరికితే వదులుకోవద్దు. ఉపవాసం ఉండాలనుకునే షుగర్ పేషెంట్లను ముందే పిలిచి, సహరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది వేసుకోవాలో డాక్టర్లు మార్చి రాస్తారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని విద్యార్థులే కూర్చుని వివరించాలి. వేలికి సూది గుచ్చి పరీక్ష చేసుకుంటే ఉపవాసం పోతుందని భయపడేవారికి నచ్చజెప్పడం ఒక్కరోజులో వచ్చే పని కాదు.

ఇక లోపాలు. పసిపిల్లలు, గర్భిణులు తక్కువగా వస్తారు, ఆ గంటలు వేరేచోట పూర్తి చేసుకోవాల్సిందే. లాగ్‌బుక్ సంతకాలు చివరి వారంలో కట్టగట్టి పెడతారు. చూసినవి, సాయం చేసినవి, పర్యవేక్షణలో స్వయంగా చేసినవి విడివిడిగా రాసి, అదేరోజు సంతకం పెట్టించుకోండి. తర్వాతైతే ఏ కేసు ఏదో ఎవరికీ గుర్తుండదు. మాటల్లో తప్పొప్పులు చెబుతారు గానీ రాతలో ఏమీ ఇవ్వరు. మధ్యలో ఒకసారి రాసిచ్చే మదింపు అడగండి. ఉదయం ఓపీ ఎంచుకోండి, సాయంత్రం డాక్టర్లకు నేర్పే తీరిక ఉండదు.

మందులు రాసే అధికారం విద్యార్థికి లేదన్న గీత ఇక్కడ స్పష్టంగా ఉంది, అది మెచ్చుకోవాలి. 2021 జాతీయ చట్టం ఈ వృత్తిని ఫిజీషియన్ అసోసియేట్ పేరుతో గుర్తించింది, అంతమాత్రాన ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి విద్యార్థి చేతికివ్వడం ఏ క్లినిక్‌లోనూ చెల్లదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టండి. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో రాసిన కాగితం ఇక్కడ గోడ మీద లేదు. గుచ్చుకున్నచోట పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే తొలి గంటల్లోనే మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఇవ్వరు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తిచేసుకుని, చేరే రోజే ఎవరికి ఫోన్ చేయాలో, మందు ఎక్కడ దొరుకుతుందో రాయించుకోండి.