యూనిక్ రీచ్ రిపోర్టు: ఏళ్ల తరబడి వాడాక

గూగుల్ యాడ్స్‌లో 'యూనిక్ యూజర్లు', మెటాలో 'రీచ్': పేరు ఏదైనా, యాడ్‌ను ఎంతమంది వేర్వేరు మనుషులు చూశారో చెప్పే ఈ అంకె తలలు లెక్కపెట్టి వేసింది కాదు, అంచనా. అది గుర్తుంచుకుని వాడితే మాత్రం ఇంప్రెషన్ల (యాడ్ మొత్తం ఎన్నిసార్లు కనిపించిందనే లెక్క) కంటే చాలా పనికొస్తుంది.

అందరూ పొరబడేది కూడిక దగ్గరే. మొదటి వారం రీచ్ 1,80,000, రెండో వారం 1,90,000 అనుకోండి. పద్నాలుగు రోజులకూ ఒకే రిపోర్టు తీస్తే 2,60,000 రావచ్చు. రెండు వారాలూ కూడితే 3,70,000. ఎక్కువొచ్చిన 1,10,000 మంది రెండుసార్లు లెక్కకొచ్చినవాళ్లు. రోజువారీ వరుసల కింద టోటల్ కొట్టి క్లయింట్‌కు పంపితే ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. గూగుల్ యాడ్స్‌లో 92 రోజులు దాటిన వ్యవధికి ఈ అంకె రాదు. ఏడాది క్యాంపెయిన్‌ను నాలుగు ముక్కలుగా చూడాల్సిందే, ఆ నాలుగింటినీ కూడకూడదు.

రెండు ప్లాట్‌ఫారాల ఉమ్మడి రీచ్‌ వాటి సొంత రిపోర్టుల్లో దొరకదు. చేత్తో వేయాలంటే సెయిన్స్‌బరీ సూత్రం ఉంది: ఒకటి 40 శాతం, ఇంకొకటి 30 శాతం మందికి చేరితే 40 + 30 − 12 = 58 శాతం (12 అంటే 40లో 30 శాతం, రెండు చోట్లా చూసినవాళ్ల అంచనా). నెట్‌లో ఎక్కువసేపు గడిపేవాళ్లు రెండు చోట్లా ఉంటారు కాబట్టి అసలు రీచ్ సాధారణంగా ఇంతకంటే తక్కువే. 58ని పైహద్దుగా చూడటం మేలు.

కుకీలతో (బ్రౌజర్‌లో ఉండే చిన్న గుర్తింపు ఫైళ్లు) మాత్రమే లెక్కించే టూల్‌ను నమ్మడం కష్టం. ఒకే మనిషి ఫోన్, ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్‌లో చూస్తే ముగ్గురవుతాడు. రీచ్ ఉబ్బుతుంది, ఫ్రీక్వెన్సీ (ఒక్కొక్కరు సగటున ఎన్నిసార్లు చూశారనేది) తగ్గి కనిపిస్తుంది. కుకీకి మూడుసార్లకు మించి చూపొద్దని క్యాప్ (పరిమితి) పెట్టినా అతను తొమ్మిదిసార్లు చూసేస్తాడు. టీవీ తెరమీద కథ తిరగబడుతుంది: పరికరం ఒకటే, చూసేవాళ్లు నలుగురు. ఒక వయసు వర్గంలో రీచ్ ఆ వర్గం జనాభానే దాటిందంటే ఇక ఆ రిపోర్టు పక్కన పెట్టేయొచ్చు.

సగటు ఫ్రీక్వెన్సీ 4 అని చూసి సంతోషపడొద్దు. సగంమంది ఒక్కసారి, మిగతా సగం ఏడుసార్లు చూసినా సగటు నాలుగే. 1+, 3+, 5+ (కనీసం ఒకసారి, మూడుసార్లు, ఐదుసార్లు చూసినవాళ్లు) విడివిడిగా తీయండి. దాంతోపాటు క్యాంపెయిన్ మొదటి రోజు నుంచి ఆ రోజు వరకు రీచ్‌ను రోజూ ఒక షీట్‌లో రాసుకోండి. మొదటి 5 లక్షల ఇంప్రెషన్లకు 2,00,000 మంది, తర్వాతి 5 లక్షలకు 60,000 మందే కొత్తగా వచ్చారంటే పాతవాళ్లకే మళ్లీ మళ్లీ చూపిస్తున్నట్టు. బడ్జెట్ పెంచేముందు ఆడియన్స్‌ను వెడల్పు చేయాలి, లేదా క్యాప్ బిగించాలి.