అయిదు చలికాలాలు వాడాక బ్రుట్‌సార్ట్ సూత్రం

చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు, జనవరి నెలల్లో నారుమడి మీద పట్టా కప్పాలా వద్దా అన్నది రోజూ టెన్షనే. రాత్రి నేల ఎంత వేడి వదులుతుందో, ఆకాశం నుంచి ఎంత తిరిగి దిగుతుందో తెలిస్తే ఆ సంగతి తేలిపోతుంది. నేల లెక్క సులువే. ఆకాశం నుంచి దిగే లాంగ్‌వేవ్ రేడియేషన్‌ను, అంటే కంటికి కనపడని వేడి కిరణాలను, అంచనా కట్టడమే కష్టం. దానికి అయిదేళ్లుగా నేను వాడుతున్నది జలశాస్త్రవేత్త విల్‌ఫ్రీడ్ బ్రుట్‌సార్ట్ 1975లో ఇచ్చిన సూత్రం.

కావలసినవి తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లే. ఆ రెండు రీడింగుల నుంచి గాలిలోని ఆవిరి పీడనాన్ని హెక్టోపాస్కల్స్‌లో తీసుకుని, కెల్విన్‌లో ఉన్న ఉష్ణోగ్రతతో భాగించి, ఏడో మూలం కట్టి, 1.24తో గుణిస్తే ఆకాశపు ఉద్గారత వస్తుంది, అంటే అదే ఉష్ణోగ్రతలో ఓ వస్తువు గరిష్ఠంగా వదలగల వేడిలో ఆకాశం పంపేది ఎంత వంతో. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, ఆవిరి పీడనం 12 ఉన్న రాత్రి అది 0.79. ఆ గరిష్ఠ వేడితో దాన్ని గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 307 వాట్లు. ఇదే పనికి ఉన్న 1932 నాటి బ్రంట్ సూత్రం కూడా వాడి చూశాను. కానీ దాని గుణకాలను ఏ ఊరికి ఆ ఊరు కొలతలతో సరిచూసుకోవాలి. బ్రుట్‌సార్ట్ మాత్రం ఎత్తుకు వెళ్లేకొద్దీ వేడి, తేమ ఎలా తగ్గుతాయో చూసి 1.24ను రాబట్టారు. కొలతలు లేని మా కొండలకు ఇదే నప్పింది.

రెండో చలికాలం ఆకాశం నుంచి దిగే వేడి కిరణాలను నేరుగా కొలిచే పైర్జియోమీటర్ అరువు తెచ్చి పక్కన పెట్టాను. తెల్లవారుజామున గాలి 7 డిగ్రీలు, తేమ నిండుగా ఉంది. సూత్రం 268 వాట్లని చెబితే పరికరం 330 చూపించింది. సూత్రమే తప్పనుకున్నాను. టార్చి వేసి చూస్తే పరికరం పైనున్న గోపురం నిండా మంచు బిందువులు. పరారుణ కిరణాలను నీరు దాటనివ్వదు కాబట్టి పరికరం ఆకాశాన్ని కాక ఆ బిందువులనే చూస్తోంది. మెత్తని గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆగితే 282కి దిగింది.

మిగిలిన 14 వాట్ల తేడా మాత్రం సూత్రానిదే. తేటగా ఉన్న రాత్రుల్లో చల్లగాలి లోయలో అడుగుకు చేరి, పైన వెచ్చని గాలి నిలుస్తుంది. సూత్రానికి తెలిసింది మన ఎత్తులోని గాలే కనుక లెక్క తక్కువ వస్తుంది. నాకు ఇది పెద్ద లోపంగా అనిపించలేదు. చలి కాస్త ఎక్కువ అనుకుని పట్టా కప్పితే నారుకు నష్టం లేదు.

అసలు చిక్కు మబ్బులతోనే. ఇది తేట ఆకాశపు సూత్రం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1998 పద్ధతిలో మబ్బు సవరణకు ఎండ నిష్పత్తి, అంటే తేట ఆకాశంలో పడాల్సిన ఎండలో నిజంగా పడింది ఎంత వంతో, వాడతారు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి పొద్దు గుంకడానికి రెండు మూడు గంటల ముందరి విలువే తీసుకోవాలి. మా దగ్గర సాయంత్రం తళతళలాడిన ఆకాశం అర్ధరాత్రికి పొగమంచుతో మూసుకుపోతుంది. అప్పుడు ఆ నిష్పత్తి పనికిరాదు.

అందుకే రాత్రి పదకొండింటికి ఓసారి బయటికి వెళ్తాను. నక్షత్రాలు స్పష్టంగా ఉంటే సూత్రం చెప్పిన అంకెను నమ్మి పట్టా కప్పిస్తాను. పొగమంచు పట్టేస్తే ఆ రాత్రికి లెక్క పక్కన పెట్టి, తెల్లవారాక నేల థర్మామీటర్ చూసి పుస్తకంలో రాసుకుంటాను.