అత్తగారి సైడ్ కార్, బావమరిది పల్సర్: కొరాపుట్ దాకా

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో సైడ్ కార్ (బైకు పక్కన సొంత చక్రంతో బిగించే, మనిషి కూర్చునే తొట్టి) తగిలించిన బులెట్ రోడ్డెక్కితే చాలు, పెట్రోలు బంకు కుర్రాడి నుంచి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "పడిపోదు కదా?" పడిపోదు. అదొక్కటే చూసుకుంటే రెండు చక్రాల బైకు మీద మూడు చక్రాలదే గెలుపు. మిగతా లెక్కలు కొరాపుట్ వెళ్లొచ్చాక తేలాయి. ఆ లెక్కల్లో ఒక లాడ్జి మేనేజరు కూడా ఉన్నాడు. అతని సంగతి ఇప్పుడే మొదలెడితే ఇంకేమీ రాయలేను కాబట్టి కాస్త ఆగండి.

బులెట్ మీద నేను, వెనక మా ఆవిడ, పక్కన సైడ్ కార్‌లో అత్తగారు. పల్సర్ 150 మీద బావమరిది, వాడి వెనక సామాను. అత్తగారికి మోకాళ్లు అరిగిపోయాయి. బైకు మీద కాలు అటు వేసి కూర్చోలేరు, ఒక పక్కకి కూర్చుంటే నడుం పట్టేస్తుంది, బస్సు మెట్లంటేనే భయం. కారు మాకు లేదు. రాయగడ మజ్జిగౌరమ్మ మొక్కేమో ఏళ్లుగా బాకీ పడి ఉంది. ఆవిడ కోసమే పాత సైడ్ కార్ ఒకటి కొని బిగింపించాను. రంగూ బిగింపూ కలిపి 42,000. ఎక్కడం చూస్తే ముచ్చటేస్తుంది: తలుపు తీసి, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకోవడమే. బిగించేవాడు ఏం చెప్పినా వినకండి, ఆ మార్పుని ఆర్‌సీలో ఎక్కించుకోవాల్సిందే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అందుకే ఉంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రెండు చక్రాల బైకు మీద నడిపేవాడు కాక ఒక్కరే ఎక్కాలి. సైడ్ కార్ ఉంటే మూడో మనిషికి చోటొస్తుంది. హెల్మెట్ మాత్రం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పదు, సైడ్ కార్‌లో కూర్చున్నా సరే. ఈ మాట అత్తగారికి చెబితే, "కొప్పులో చామంతులు పెట్టుకున్నాక ఈ డిప్ప ఎక్కడ పెట్టుకోను బాబూ" అన్నారు. చివరికి చామంతులు హ్యాండ్‌బ్యాగులోకి, డిప్ప తలమీదకి వెళ్లాయి. ఆ గంటసేపూ నాతో మాటల్లేవు.

నడపడం సంగతి. మన దగ్గర రోడ్డుకి ఎడమ పక్క నడుస్తాం కాబట్టి సైడ్ కార్ ఎడమ వైపే ఉంటుంది. ఇంజను లాగేటప్పుడు ఆ బరువు వెనక్కి గుంజి బండి ఎడమకి పోతుంది. బ్రేకు వేస్తే సైడ్ కార్ ఇంకా ముందుకే ఉరికి, బండిని కుడికి, అంటే ఎదురొచ్చే లారీల వైపు తిప్పుతుంది. పైగా మన రోడ్లు నీళ్లు జారడానికి అంచుకి వాలుగా ఉంటాయి కదా, తిన్నటి రోడ్డు మీద కూడా చేతులు ఊరుకోవు. మొండి ఎద్దుని పక్కన కట్టుకుని దున్నుతున్నట్టే ఉంటుంది. గుణుపురం చేరేసరికి నా కుడి భుజం పట్టేసింది. బావమరిది మాత్రం ఒంటిచేత్తో నడుపుతూ, ఈల వేస్తూ, మధ్యమధ్యలో ఆగి మా కోసం చూస్తూ వచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ మండటానికి గోతులు కూడా కారణమే. మధ్యలో కొంతమేర రోడ్డు తవ్వేసి ఉంది. బైకువాడికి గోతుల మధ్య జానెడు తిన్నటి దారి దొరికితే చాలు. సైడ్ కార్ బండికి రెండు దారులు కావాలి, ముందూ వెనకా చక్రాలకి ఒకటి, పక్క చక్రానికి ఇంకొకటి. మొదటిది తప్పిస్తే రెండోది గోతిలో పడుతుంది. పడిన ప్రతిసారీ అత్తగారు "రామ రామ" అనేవారు. ఆ పిలుపుల్ని బట్టి రోడ్లు భవనాల శాఖ వాళ్లు రోడ్డుకి మార్కులు వేసుకోవచ్చు.

రాయగడ బాగా గడిచింది. మజ్జిగౌరమ్మ దర్శనం, మొక్కు, 900 రూపాయల గది, పొద్దున్నే పూరీలు, అన్నీ సజావుగా అయిపోయాయి. గుడి దగ్గర పార్కింగు కుర్రాడు మా బండిని చూసి ఆటో రేటు 50 అడిగాడు. బైకుకి 20. అత్తగారు అప్పుడే దర్శనం చేసుకుని శాంతంగా ఉన్నారు, పోనీలే అని ఇచ్చేశాం. ఆ 50 మున్ముందు రాబోయేదానికి ముందస్తు హెచ్చరిక అని అప్పుడు తోచలేదు.

రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కొరాపుట్ దారి 326వ జాతీయ రహదారి. కొండలు, మలుపులు, డిసెంబరు పొగమంచు. బులెట్ ఇంజను వైపు స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్లచక్రం) ఒక పన్ను తక్కువది వేయించాను కాబట్టి ముగ్గురితో ఎక్కాం గానీ, లేకపోతే ఫస్టు గేరులోనే ప్రాణం పోయేది. ఎడమ మలుపుల్లో జాగ్రత్త కావాలి. బండి బయటికి, అంటే కుడికి తూగుతుంది. సైడ్ కార్ ఖాళీగా ఉంటే చక్రం నేలని వదిలేస్తుంది. అందుకే ఒంటరిగా తిరిగేవాళ్లు అందులో ముప్ఫై కిలోల బియ్యం బస్తానో ఇసుక బస్తానో వేసుకుంటారు. అత్తగారు ఉన్నంతసేపు ఆ భయం లేదు. ఈ మాట ఆవిడకి చెప్పలేదు.

కాకిరిగుమ్మ దగ్గర రోడ్డు పక్క పాకలో తిన్న భోజనం గురించి చెప్పాలి. బోర్డూ లేదు, మెనూ లేదు. పొయ్యి ముందు ఒకావిడ, పక్కన నాలుగు స్టీలు గిన్నెలు. అన్నం, పలచటి కందిపప్పు, టమాటా నూరిన పచ్చడి, వెదురు కొమ్ముల కూర. ఆ కూరకి పులిసిన వాసన ఉంటుంది. మా ఆవిడ మొదట ముక్కు మూసుకుంది. అత్తగారు మాత్రం వేలితో కొంచెం నాలుకకి రాసుకుని చూసి, "ఇది మా అమ్మమ్మ చేసేది" అని ఒక్క మాట అని, తల ఎత్తకుండా తిన్నారు. రెండోసారి కూర వేయించుకున్నారు, మూడోసారి అన్నం లేకుండా కూరే వేయించుకున్నారు. మనిషికి 60 రూపాయలు, కూర ఎన్నిసార్లు వేయించుకున్నా అంతే. నలుగురికీ 240. ఆ దారిన వెళ్తే పెద్ద బోర్డులున్న దాబాలు వదిలేసి, పొగ వచ్చే పాక వెతుక్కోండి.

ఇక కొరాపుట్ లాడ్జి. ఫోన్లో మాట్లాడుకున్నది రెండు గదులు, ఒక్కొక్కటి 1,100, "కార్ పార్కింగ్, గీజర్ ఉన్నాయి." వెళ్లేసరికి చీకటి పడింది, చలి కొరికేస్తోంది. కార్ పార్కింగ్ అంటే లాడ్జి ముందున్న రోడ్డే. లోపల ఆవరణలోకి బైకులు వెళ్లే గేటు నాలుగడుగులు. మా బండి వెడల్పు ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. పల్సర్ సర్రున లోపలికి వెళ్లిపోయింది. మేం బయట నిలబడ్డాం.

మంకీ క్యాప్ పెట్టుకున్న మేనేజరు టార్చిలైటు వేసి మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలితో చక్రాలు లెక్కపెట్టాడు. "తిని చకా" అన్నాడు. అంటే మూడు చక్రాలు, అంటే ఆటో, అంటే రాత్రికి 150. బైకుకి పార్కింగ్ లేదు, మాకు మాత్రం 150, అదీ వాడిది కాని రోడ్డు మీద పెట్టినందుకు! ఆర్‌సీ తీసి చూపించాను, మోటార్ సైకిల్ అని రాసి ఉంది చూడమని వచ్చిన ఒడియాలో వాదించాను. "కాగితం మీద ఏమున్నా చక్రాలు మూడే కదా" అన్నాడు. పావుగంట అలా గడిచింది. సైడ్ కార్‌లో హెల్మెట్‌తో కూర్చునే ఉన్న అత్తగారు ఉన్నట్టుండి తెలుగులో అందుకున్నారు. "ఏం మనిషివయ్యా, ముసలిదాన్ని చలిలో కూర్చోబెట్టి చక్రాలు లెక్కపెడతావా, నీ లాడ్జిలో దుప్పట్లున్నాయో లేదో అది లెక్కపెట్టు!" మేనేజరు ఆవిడ వైపు తిరిగి, స్వచ్ఛమైన శ్రీకాకుళం యాసలో, "తిట్టకండమ్మా, రూలు నాది కాదు, ఓనరుది" అన్నాడు! పావుగంట నా వంకర ఒడియా అంతా విని, ఒక్క తెలుగు ముక్క నోట రానివ్వని మనిషి. తెలుగువాడని తెలిశాక కూడా రూపాయి తగ్గలేదు, సంతోషం మాత్రం తగ్గింది.

అత్తగారు దుప్పట్ల గురించి అన్నది నిజమే అయింది. మంచానికి ఒకటి, తడి వాసన. ఇంకోటి కావాలంటే 50. గీజరు ఉంది, దాని తీగె చివర నల్ల టేపు చుట్టి గోడకి వేలాడుతోంది. వేణ్ణీళ్లు బకెట్టు 40, కుర్రాడు తెచ్చేసరికి గోరువెచ్చన. రోడ్డు మీద బండి చూసుకోవడానికి వాచ్‌మన్‌కి 100. బిల్లు ఇలా తేలింది: గదులు 2,200, ఆటో పార్కింగ్ 150, బకెట్లు నాలుగు 160, దుప్పట్లు రెండు 100, వాచ్‌మన్ 100. మొత్తం 2,710. పొద్దున్నే ఖాళీ చేశాం. అప్పుడు ఇంకో వేడుక: బులెట్‌కి రివర్స్ గేరు ఉండదు, రోడ్డేమో పల్లం. రెండొందల కిలోల బండి, మరో ఎనభై కిలోల సైడ్ కార్, వెనక్కి ఎత్తుమీదకి తోయాలి. బావమరిది, వాచ్‌మన్, నేను తోస్తుంటే మేనేజరు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నాడు. రష్యావాళ్ల ఉరల్ సైడ్ కార్ బండ్లకి రివర్స్ గేరు ఉంటుంది. వాళ్లకీ ఇలాంటి లాడ్జిలు తగిలి ఉంటాయి.

జయపురం రోడ్డు వైపు ఇంకో లాడ్జి దొరికింది. గది 1,300, గేటు రెండు రెక్కలూ ఓనరే వచ్చి తీశాడు, వేణ్ణీళ్లు అద్దెలోనే. పార్కింగ్ ఎంత అని అడిగితే, బండి పక్కన ఫోటో దిగనిస్తే చాలన్నాడు. రెండొందలు ఎక్కువైనా అలాంటిచోటే ఉండండి.

కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం జగన్నాథుడి గుడి చూశాం. మెట్లు ఉన్నాయి, అత్తగారు ఆగి ఆగి ఎక్కారు. మర్నాడు దేవమాలి. ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు, 1,672 మీటర్లు. పైదాకా రోడ్డుంది గానీ నిటారు ఎక్కుడు. సైడ్ కార్‌తో వద్దనుకున్నాను. మా ఆవిడ తమ్ముడి పల్సర్ ఎక్కి వెళ్లింది. నేనూ అత్తగారూ లాడ్జి వరండాలో ఎండ కాగుతూ, పల్లీలు తింటూ, ఆ మేనేజర్ని మరోసారి తిట్టుకుంటూ గడిపాం. సాయంత్రం వాళ్లిద్దరూ ముక్కులు ఎర్రబడి, మొహాలు వెలిగిపోతూ వచ్చారు. మేఘాలు కాళ్ల కింద ఉన్నాయట. "మలుపుల్లో బండి వాలుతుంటే ఎంత బాగుందో, మీ బండి వాలదు కదా" అంది మా ఆవిడ. వాలదు. అదే అసలు తేడా, బైకు మలుపులోకి వంగుతుంది, సైడ్ కార్ బండి మలుపుతో పోట్లాడుతుంది. ముందు రెండు చక్రాలుండి వంగే బండ్లు కూడా ఉన్నాయి. పియాజియో 2006లో ఎంపీ3 తెచ్చింది, తర్వాత యమహా నైకెన్ వచ్చింది. అవి పట్టుకి పట్టు, వంగుడుకి వంగుడు. బావమరిది ఫోన్లో వాటి వీడియోలు చూపిస్తూనే ఉంటాడు. వాటిలో అత్తగారు కూర్చునే చోటేదో ఇంతవరకూ చూపించలేదు.

తిరుగు ప్రయాణం పొట్టంగి, సుంకి ఘాటు, సాలూరు మీదుగా. దిగేటప్పుడు సెకండ్ గేరు వదలొద్దు, బ్రేకు నొక్కి పట్టొద్దు, తాకి వదలాలి. లారీల రద్దీ ఉంది. నేను ముప్ఫై దాటలేదు. బావమరిది నాలుగు మలుపుల ముందు ఉన్నాడు ఎప్పుడూ.

సాలూరు దాటాక రోడ్డు చదును, వాడికి సరదా పుట్టింది. "బావా, ఒకసారి ఇవ్వు." మా ఆవిడ దిగి నా వెనక పల్సర్ ఎక్కింది. మొదటి కుడి మలుపులోనే తేలిపోయింది. బైకు మీద వేగంలో కుడి హ్యాండిల్‌ని ముందుకి నొక్కితే బండి కుడికి వాలి కుడికి తిరుగుతుంది. మనకి తెలీకుండానే అందరం చేసే పని. సైడ్ కార్ బండి వాలదు కాబట్టి, అలా నొక్కితే చక్రం ఎటు తిరిగితే అటే, ఎడమకి పోతుంది. వీడు ఒళ్లంతా కుడికి వంచి నొక్కాడు, బండి ఎడమ పక్క కాలవ వైపు నడిచింది. అంచున ఆపాడు, అదృష్టం. అత్తగారు హెల్మెట్ అద్దం పైకెత్తి, "దిగరా ముందు. అల్లుడుగారిని రమ్మను" అన్నారు. పార్వతీపురంలో టీ తాగేదాకా వాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

పెట్రోలు లెక్క: బులెట్ లీటరుకి 22 ఇచ్చింది, మొత్తం 2,130 రూపాయలు. పల్సర్ దేవమాలి తిరుగుడు కలుపుకుని కూడా 1,190. సరిహద్దులో ఉండేవాళ్లకి తెలిసిందే, ఆంధ్రాలో లీటరుకి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ, పాతపట్నం దాటి మా ఊళ్లోకి వచ్చాకే టాంకు నింపాం. సాలూరులో తప్పక పోయించిన మూడు లీటర్ల తేడా మాత్రం బావమరిది ఖాతాలో రాశాను.