ఎవరెస్ట్ బేస్ క్యాంపా, అన్నపూర్ణ సర్క్యూటా, లాంగ్‌టాంగా: మొదటిసారి వెళ్లేవారికి ఏది మేలు?

నేపాల్ కొండల్లో నడవాలని ఉందని ఎవరైనా అంటే మనవాళ్ల నోట మొదట వచ్చే పేరు ఎవరెస్ట్ బేస్ క్యాంపు. 2014లో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ శిఖరం ఎక్కినప్పటి నుంచి ఆ పేరు మనకు మరీ దగ్గరైంది. (పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. బేస్ క్యాంపు యాత్రికులు నడిచే నేపాల్ దారి వేరు.) నేను మూడు దారులూ నడిచాను, మూడుసార్లూ గైడును పెట్టుకునే. ఎక్కడికి వెళ్లాలని అడిగేవారికి పేరు పక్కన పెట్టి రెండు సంగతులు చూడమంటాను: దారి ఎంత తొందరగా ఎత్తు ఎక్కుతుంది, దారిలోని ఊళ్లు ఇంకా ఊళ్లుగానే ఉన్నాయా.

ముందు ఎత్తు సంగతి. తొందరగా పైకి వెళితే పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడక జబ్బు చేస్తుంది. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండు రాత్రులు ఉండాలని వైద్యులు చెబుతారు. పగలు ఇంకా పైకి ఎక్కి దిగినా ఫరవాలేదు. లెక్కంతా నిద్రపోయే చోటుదే.

ఈ కొలతతో చూస్తే కాగితం మీద అన్నపూర్ణ సర్క్యూట్‌కే మొదటి మార్కు. నడక మొదలయ్యే బేసీశహర్ 760 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి నడిస్తే వరి మళ్లు, పైన్ అడవులు, ఎండిన కొండలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ వారం రోజులకు 3,540 మీటర్ల మనాంగ్ చేరతాం. ఒంటికి అలవాటు పడే తీరిక దొరుకుతుంది. చిక్కేమిటంటే ఇప్పుడు మనాంగ్ దాకా జీపు దారి పడింది. సెలవులు లేవని పొద్దున బేసీశహర్‌లో జీపెక్కి సాయంత్రానికి మనాంగ్‌లో దిగేవారు, ఆ దారిలోని అసలు మేలును చేజేతులా పోగొట్టుకుంటున్నారు. తెల్లారేసరికి తలనొప్పితో లేచి, నీళ్లు సరిపోలేదేమోనని సరిపెట్టుకుంటారు.

బేస్ క్యాంపు దారి మొదలే 2,860 మీటర్ల లుక్లాలో. అక్కడి విమానాశ్రయంలో 527 మీటర్ల రన్‌వే, ఒక కొసన కొండ గోడ, రెండో కొసన లోయ. మబ్బు పట్టిందంటే విమానాలు ఆగిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. సీజన్లో చాలా విమానాలు కాఠ్మాండూ నుంచి కాక మంథలీ అనే ఊరి నుంచి నడుస్తాయి. అర్ధరాత్రి దాటాక బయలుదేరి నాలుగైదు గంటలు రోడ్డు మీద పోవాలి. ఆ తర్వాత మాత్రం దారి పద్ధతిగా సాగుతుంది. నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉండటం ఆనవాయితీగా మారింది కాబట్టి తొందరపడేవారు కూడా ఆగుతారు.

చిన్నది కదా, తేలికని అందరూ అనుకునే లాంగ్‌టాంగ్‌లోనే నిజానికి మోసం ఉంది. నడక మొదలయ్యే స్యాఫ్రుబేసీ సుమారు 1,500 మీటర్లు. మర్నాడు రాత్రి లామా హోటల్‌లో (ఇది హోటలు కాదు, ఊరి పేరు) 2,480, ఆ మర్నాడే లాంగ్‌టాంగ్ ఊళ్లో 3,430. ఒక్క రోజులో 950 మీటర్లు! ఏజెన్సీలు అమ్మే ఏడు రోజుల పథకంలో ఇలాగే ఉంటుంది. మధ్యలో ఘోడాతబేలాలో ఒక రాత్రి ఆగుతామని ముందే చెప్పండి. ఒక్క రోజు పెరుగుతుంది, అంతే.

ఇక ఊళ్లు. బేస్ క్యాంపు దారి ఉన్న ఖుంబూ ప్రాంతంలో శనివారం సంతతో నామ్చే కళకళలాడుతుంది, బేకరీలు, కాఫీ దుకాణాలు కూడా ఉన్నాయి. దాని పైనున్న ఖుంజుంగ్‌లో 1961లో ఎడ్మండ్ హిల్లరీ కట్టించిన బడి ఇప్పటికీ నడుస్తోంది. షెర్పాల జీవితం చూడాలంటే ఒక పూట అక్కడ గడపండి, ఎందుకంటే పైన లోబుచే, గోరక్‌షెప్‌లలో ఉన్నవి యాత్రికుల లాడ్జిలు మాత్రమే. ఇంకొక మాట: 5,364 మీటర్ల బేస్ క్యాంపు దాకా వెళ్లినా అక్కడి నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు. దాన్ని చూడాలంటే తెల్లవారుజామున పక్కనున్న కాలా పత్థర్ గుట్ట ఎక్కాలి. ఈ సంగతి ముందుగా తెలియక ఉసూరుమన్న మొహాలు చాలా చూశాను.

సర్క్యూట్‌లో జీపు దారిని కింద వదిలి, ఎగువ పిసాంగ్ నుంచి ఘ్యారూ, ఙవాల్ మీదుగా వెళ్లండి. ఘ్యారూ ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. ఎక్కాక చదును పైకప్పుల రాతి ఇళ్లు, కప్పు అంచుల వెంట పేర్చిన కట్టెలు, ఎదురుగా రెండో అన్నపూర్ణ శిఖరం. ధూళి రోడ్డు, దాని మీది జీపులు ఎక్కడో కింద ఉండిపోతాయి.

లాంగ్‌టాంగ్ ఊరి గురించి రాయడం అంత సులువు కాదు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో పైనుంచి విరిగిపడిన మంచు, రాళ్లు పాత ఊరిని కప్పేశాయి. 250 మందికి పైగా పోయారు. కొండ చరియ కింద నక్కినట్టున్న ఒక్క ఇల్లు మిగిలింది. ఆ రాళ్ల మేట మీదుగానే ఇప్పటి దారి. మాటలాడుతూ నడుస్తున్న మా బృందం అక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే నోరు మూసుకుంది. కాస్త ఎగువన ఊరు మళ్లీ కట్టుకున్నారు. లాడ్జి నడిపే ఆడవాళ్లే వండుతారు, వాళ్లే పొలానికి వెళ్తారు. మూడింటిలో ఊరివాళ్ల పొయ్యి పక్కన కూర్చున్నానని అనిపించింది ఇక్కడే. ఇంకా పైనున్న క్యాంజిన్ గోంపా ఊళ్లో చీజ్ తయారీ కేంద్రం ఉంది. ఆ ముక్క మన నాలుకకు ఘాటుగానే తగులుతుంది.

గైడు విషయానికి వస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ విదేశీయులకు గైడును తప్పనిసరి చేసింది. ఖుంబూలో మాత్రం స్థానిక పాలకవర్గం పట్టుబట్టడం లేదు. అయినా పెట్టుకోండి. క్యాంజిన్‌లో ఒక రాత్రి దాల్‌భాత్‌లో నేను కందిపొడి కలుపుకొని నాలుగు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపాను. మా గైడు నా మొహం చూడలేదు, పళ్లెం చూశాడు. "దీదీ, తలనొప్పిగా ఉందా?" అన్నాడు. ఉంది. మర్నాడు ఎక్కాల్సిన 4,984 మీటర్ల ఛెర్కో రీ శిఖరాన్ని రద్దు చేశాడు. చెప్పొద్దూ, కోపం వచ్చింది. ఎత్తు ఒంటికి పడలేదనడానికి అన్నం మిగలడం తొలి గుర్తుల్లో ఒకటని ఆ తర్వాత తెలిసింది.

వెనక్కి తిరగడం ఎంత సులువో కూడా లెక్కలోకి తీసుకోవాలి. బేస్ క్యాంపు, లాంగ్‌టాంగ్ వెళ్లిన దారినే తిరిగొచ్చేవి. ఒంట్లో బాగాలేకపోతే వెనక్కి దిగితే సరి. సర్క్యూట్‌లో 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటాలి. 2014 అక్టోబర్ 12న విశాఖను చిందరవందర చేసిన హుద్‌హుద్ తుపానే, రెండు రోజులకు అక్కడ మంచు తుపానై కురిసింది. ఆ చుట్టుపక్కల కొండల్లో 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే మనాంగ్‌లోనే ఆగిపోవాలి.

నా తీర్పు ఇది. తొమ్మిది రోజులే ఉంటే, మొదటిసారైతే లాంగ్‌టాంగ్, ఘోడాతబేలాలో ఆగుతూ. రెండున్నర వారాలు, ఓపిక ఉన్న మోకాళ్లు ఉంటే సర్క్యూట్, అందులోనూ ఎగువ దారి. బేస్ క్యాంపు మూడోది. ఎవరెస్ట్ అన్న పేరు లేకుండా మనసు ఊరుకోదంటే వెళ్లండి, ఆ కోరికను నేను తక్కువ చేయను. భారతీయులకు వీసా అక్కర్లేదు, సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశస్థులకు ఈ దారుల్లో ప్రవేశ రుసుమూ తక్కువ. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు మాత్రం వీసా తీసుకోవాలి, విదేశీ ధరలే చెల్లించాలి.

సర్క్యూట్‌కు ఇంకో లాభం ఉంది. కనుమ దిగితే ముక్తినాథ్. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి, 108 ధారల కింద తడిసే చోటు. నడవలేని అమ్మానాన్నలు పోఖరా నుంచి జీపులో అక్కడికే వచ్చి మిమ్మల్ని కలుసుకోవచ్చు. వాళ్లకూ 3,800 మీటర్లు ఎత్తేనని మరవొద్దు. ముందు రోజు రాత్రి 2,720 మీటర్ల జోమ్‌సోమ్‌లో పడుకోబెట్టి, మర్నాడు దర్శనం కాగానే కిందికి దింపేయండి.