గ్వాంటనామో ఖైదీని ఎక్కడికి పంపడం మేలు: సొంత దేశానికా, మూడో దేశానికా?

2009 జనవరి 22న, అంటే ప్రమాణస్వీకారం చేసిన రెండు రోజులకే, క్యూబాలోని అమెరికా సైనిక స్థావరంలో ఉగ్రవాద అనుమానితులను ఉంచే గ్వాంటనామో జైలును ఏడాదిలో మూసేయాలన్న ఉత్తర్వుపై ఒబామా సంతకం పెట్టారు. ఆయన పదవీకాలాలు రెండూ అయిపోయాయి, జైలు మాత్రం అలాగే ఉంది. ఎవరిని వదలాలో తేల్చడం ఒక పని. వదలొచ్చని తేలినవాణ్ని ఏ దేశంలో దింపాలన్నది అంతకంటే మొండి పని. అమెరికా గడ్డ మీదికి తేకూడదని అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ 2011 నుంచి చట్టంలో రాస్తూనే ఉంది. ఇక మిగిలినవి రెండే దారులు: పుట్టిన దేశం, లేదా ‘మేం తీసుకుంటాం’ అని ముందుకొచ్చే మరో దేశం.

సొంత దేశమే సబబు అని ఎవరికైనా ముందు అనిపిస్తుంది. భాష తనదే, ఇంటివాళ్లు అక్కడే ఉంటారు, పౌరసత్వం గొడవ లేదు. బుష్ హయాంలో బయటపడ్డ 500 మందికి పైగా ఖైదీల్లో ఎక్కువమంది ఇలా ఇళ్లకు వెళ్లినవాళ్లే. బ్రిటన్ 2004, 2005లో తన పౌరులను వెనక్కి తీసుకుని, ప్రశ్నించి, కేసు పెట్టకుండా వదిలేసింది.

అన్ని దేశాలూ బ్రిటన్ కావు. 2004లో ఏడుగురిని రష్యాకు అప్పగించేటప్పుడు వాళ్లను మానవత్వంతో చూస్తామని మాస్కో నుంచి అమెరికా హామీ తీసుకుంది. వెళ్లినవాళ్లను పోలీసులు వెంటాడారని, కొందరిని చిత్రహింసలు పెట్టారని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2007లో బయటపెట్టింది. ‘దౌత్య హామీ’ అనే కాగితంతో వచ్చే చిక్కే ఇది. కొట్టే అలవాటున్న ప్రభుత్వమే కొట్టనని రాసిస్తుంది. మాట తప్పితే నిలదీయాల్సిన దేశమేమో ఖైదీని వదిలించుకుంటే చాలనుకుంటుంది.

ఇంకో భయం అమెరికాది. సయీద్ అల్ షిహ్రీ అనే ఖైదీని 2007లో సౌదీకి పంపారు. అక్కడి పునరావాస కేంద్రంలో శిక్షణ పూర్తిచేశాడు. 2009 జనవరిలో చూస్తే యెమెన్‌లో అల్ ఖైదా శాఖకు ఉపనాయకుడిగా తేలాడు! ఆ ఏడాది క్రిస్మస్ రోజున డెట్రాయిట్ వెళ్తున్న విమానాన్ని పేల్చబోయినవాడు కూడా యెమెన్‌లోనే తయారయ్యాడని తెలిసేసరికి, యెమెన్‌కు ఎవరినీ పంపేది లేదని ఒబామా ఆపేశారు. వదలొచ్చని అధికారులే తేల్చిన యెమెనీలు డజన్లకొద్దీ ఏళ్ల తరబడి గ్వాంటనామోలోనే ఉండిపోయారు.

సౌదీ అనగానే గుర్తొచ్చింది. రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్‌లో వచ్చిన ఒక అమెరికా దౌత్య కేబుల్ (రాయబార కార్యాలయం పంపే అధికారిక సందేశం) ప్రకారం, గుర్రాలకు, డేగలకు పెట్టినట్టు ఖైదీల ఒంట్లో కూడా చిప్ పెట్టి నిఘా ఉంచొచ్చు కదా అని రాజు అబ్దుల్లా సలహా ఇచ్చారట. గుర్రాలకు మంచి లాయర్లు ఉండరు కదా అని అమెరికా ప్రతినిధి జాన్ బ్రెనన్ జవాబు.

ఇప్పుడు మూడో దేశం సంగతి. దీనికి పాఠ్యపుస్తకం లాంటిది చైనాలోని ముస్లిం మైనారిటీ అయిన ఉయ్‌గుర్లు 22 మంది కథ. వాళ్లను తమకే అప్పగించాలని చైనా పట్టుబట్టింది. అప్పగిస్తే ఏం చేస్తారోనని అమెరికా ఒప్పుకోలేదు. చైనాతో ఎందుకొచ్చిన టెన్షన్ అని చాలా దేశాలు తలుపు తీయలేదు. చివరికి అల్బేనియా, బెర్ముడా, పలావ్, స్విట్జర్లాండ్, ఎల్ సాల్వడార్, స్లొవేకియా తలా కొందరిని పంచుకున్నాయి. పలావ్ అనే పసిఫిక్ ద్వీపదేశం గుర్తించేది చైనాను కాదు, తైవాన్‌ను, కాబట్టి బీజింగ్ కోపం దానికి లెక్కలేదు. బ్రిటన్ ఏలుబడిలోని దీవి బెర్ముడా ప్రధాని తమతో మాట మాత్రం చెప్పకుండా నలుగురిని దించుకున్నారని లండన్ మండిపడింది, సొంత పార్లమెంటులో ఆయన అవిశ్వాస తీర్మానాన్ని ఎదుర్కోవాల్సి వచ్చింది. ఆ నలుగురికి గోల్ఫ్ మైదానంలో పని దొరికింది గానీ, దీవి దాటి వెళ్లడానికి పాస్‌పోర్టు ఏళ్ల తరబడి దొరకలేదు.

ఇంతవరకు చూస్తే మూడో దేశమే నయం అనిపిస్తుంది, కనీసం ప్రాణభయం లేదు. కానీ ఆ దేశం మాట మార్చుకుంటే? 2016లో సెనెగల్ ఇద్దరు లిబియన్లను తీసుకుంది, 2018లో వాళ్లను లిబియాకే పంపేసింది. యూఏఈ యెమెనీలకు పునరావాసం అని చెప్పి జైల్లో ఉంచింది. యెమెన్‌కు పంపితే ప్రమాదమని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2020లో హెచ్చరించినా, మరుసటి ఏడాది చాలామందిని అక్కడికే తరలించింది. సొంత దేశానికి నేరుగా పంపడం ప్రమాదమని చుట్టు తిప్పి పంపితే, ఆ చుట్టు చివర ఉన్నది కూడా సొంత దేశమే. పైగా ట్రంప్ మొదటి హయాంలో, ఈ ఒప్పందాలు చూసే రాయబారి కార్యాలయాన్నే విదేశాంగ శాఖ మూసేసింది. ఫిర్యాదు చేద్దామన్నా ఫోన్ ఎత్తేవాళ్లు లేరు.

నన్నడిగితే, వెళ్లేవాడే ఒప్పుకుని, అక్కడ నడిచే ప్రభుత్వం ఉంటే సొంత దేశమే మేలు. ఆ రెండింటిలో ఏది లోపించినా మూడో దేశం. అయితే ‘మానవత్వంతో చూస్తాం’ అనే మాట చాలదు. నివాస హక్కు, ప్రయాణ పత్రం, ఇంటివాళ్లను పిలిపించుకునే వీలు, తిరిగి ఎక్కడికీ పంపమన్న షరతు కాగితం మీద ఉండాలి, అడిగే నాథుడు వాషింగ్టన్‌లో ఉండాలి.

2025 జనవరిలో 11 మంది యెమెనీలను ఒమన్‌కు పంపాక గ్వాంటనామోలో 15 మంది మిగిలారు. అప్పటికి వాళ్లలో వదలొచ్చని తేలినవాళ్లు ముగ్గురు: ఒక లిబియన్, ఒక సోమాలీ, ఒక రోహింగ్యా. మొదటి ఇద్దరి దేశాలకు పంపకూడదని అమెరికా చట్టమే అడ్డం పెట్టింది. మూడో అతనికి ఏ దేశ పౌరసత్వమూ లేదు.