మొదటి ఫీల్డ్‌వర్క్‌కి ఏది మేలు: ఇంటర్వ్యూలా, గ్రూప్ చర్చా, ఊళ్లో ఉండి చూడటమా?

డిజర్టేషన్ మొదలుపెట్టే ఎమ్మే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అక్కా, ఇంటర్వ్యూలు చేయాలా, ఫోకస్ గ్రూప్ పెట్టాలా, ఊళ్లో ఉండి గమనించాలా?" మహిళా సంఘాల అప్పుల మీద పని అనుకుందాం. వాయిదా డబ్బు ఇంట్లో ఎలా సమకూరుతుందన్నది తెలుసుకోవాలి.

చాలామంది ఫోకస్ గ్రూప్, అంటే గ్రూప్ చర్చ వైపే మొగ్గుతారు. ఒక్క మధ్యాహ్నంలో ఎనిమిది మంది మాటలు దొరుకుతాయి కదా అని. నా లెక్కలో కొత్తవాళ్లకు మూడింటిలోనూ కష్టమైనది ఇదే. సంఘం మీటింగ్ అయ్యాక అక్కడే కూర్చోబెట్టి అడిగితే లీడరే మాట్లాడుతుంది, పక్కనున్నావిడ "అంతే, అంతే" అంటుంది. వాయిదా కట్టడానికి బయట వడ్డీకి తెచ్చిన సంగతి తోటి సభ్యుల ముందు ఎవరు చెప్తారు? ముగ్గురు ఒకేసారి మాట్లాడితే రికార్డింగ్‌లో ఎవరి గొంతు ఎవరిదో కూడా తేలదు. చర్చ నడపడానికి ఒకరు, రాసుకోవడానికి ఒకరు ఉండాలి. ఒంటరిగా వెళ్లే విద్యార్థికి అది కుదరదు. అయితే "ఎవరైనా వాయిదా తప్పితే సంఘం ఏం చేస్తుంది?" లాంటి ప్రశ్నకు మాత్రం గ్రూపే మంచిది. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దుతారు. మనకు కావాల్సింది ఆ సరిదిద్దడమే.

ఇంటర్వ్యూ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నా మొదటి ఇంటర్వ్యూ 40 నిమిషాలు. గదికొచ్చి రాయడం మొదలుపెడితే సగం నా గొంతే వినిపించింది. "వాయిదా కట్టడం కష్టంగా ఉంటుంది కదమ్మా?" అని నేను అడిగాను, "అవు బిడ్డా" అని ఆమె అంది. జవాబు నేనే చెప్పి ఆమె చేత అవుననిపించాను. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను. తర్వాతి ఇంటర్వ్యూలో ప్రశ్న మార్చాను: "పోయిన నెల వాయిదా కట్టిన రోజు పొద్దున్నుంచి ఏమేం చేసినవో చెప్పమ్మా." ఆమె ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. తమ్ముడి దగ్గర తెచ్చిన చేబదులు, అమ్మిన కోళ్లు, భర్తకు చెప్పకుండా దాచిన కూలి డబ్బు, అన్నీ వచ్చాయి.

నేర్చుకునేవాళ్లకు ఇంటర్వ్యూ మేలు అని నేననేది ఇందుకే. చేసిన తప్పు రాతలో కళ్లకు కనిపిస్తుంది, వచ్చే వారమే దిద్దుకోవచ్చు. గంట రికార్డింగ్‌ని మాట మాటగా రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆ పని దయచేసి వేరేవాళ్లకు ఇవ్వొద్దు. రాసేది కూడా ముందు తెలుగులోనే రాయండి. "మాట పడాల్సి వచ్చింది" అన్నదాన్ని నేరుగా ఇంగ్లిష్‌లోకి మార్చేస్తే అందులోని అవమానం అక్కడే పోతుంది.

ఎన్ని చేయాలి? ఘనా, నైజీరియాల్లో 60 మంది మహిళలతో చేసిన ఇంటర్వ్యూలను పరిశీలించి 2006లో వచ్చిన ఒక వ్యాసం, ముఖ్యమైన విషయాల్లో చాలా వరకు మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే బయటపడ్డాయని చూపింది. ఆ 12ని మంత్రంలా పట్టుకోకూడదు. వాళ్లందరివీ ఇంచుమించు ఒకే రకం పరిస్థితులు, అడిగిన ప్రశ్నలూ ఒకటే. భూమి ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ కలిపి చూస్తుంటే ఇంకా ఎక్కువ కావాలి.

ఇక ఊళ్లో ఉండి చూడటం. లోతులో దీనికి సాటి లేదు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరి మీద మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చింది. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపురలో నెలల తరబడి ఉన్నారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోతే, జ్ఞాపకం మీదే ఆ ఊరి గురించి పుస్తకం రాశారు. ఊళ్లో అన్నాళ్లు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. ఇంటర్వ్యూలో "డబ్బు నా చేతిలోనే ఉంటది" అన్న మనిషి, సంతలో ప్రతి ఖర్చుకూ కొడుకు వైపు చూడటం అక్కడుంటేనే కనిపిస్తుంది. కానీ ఒక సెమిస్టర్‌లో నాలుగుసార్లు బస్సులో వెళ్లొచ్చి దానికి ఎథ్నోగ్రఫీ (జనం మధ్య ఉండి చూసి రాయడం) అని పేరు పెట్టడం ఆ పద్ధతికే అన్యాయం.

కోడింగ్‌కి, అంటే రాసుకున్న మాటల్ని విషయాల వారీగా గుర్తుపెట్టి విడదీయడానికి, రంగు పెన్నులా, సాఫ్ట్‌వేరా అనేది పెద్ద విషయం కాదు. సాఫ్ట్‌వేర్‌లలో ఎన్‌వివో కొనాలి, టాగెట్ ఉచితం, పది ఇంటర్వ్యూలకు కాగితం చాలు.

నాలుగు నెలలే ఉంటే నేను చెప్పేది: పది, పన్నెండు ఇంటర్వ్యూలు చేయండి, మధ్యలో రెండు మూడు సంఘం మీటింగులకు వెళ్లి ఊరికే కూర్చోండి, ఏ రోజు చూసింది ఆ రాత్రే రాయండి. తోడు దొరికితే చివర్లో ఒక గ్రూప్ చర్చ పెట్టుకోండి. పీహెచ్‌డీ అయితే ఊళ్లో గది చూసుకోండి. ఏది ఎంచుకున్నా రికార్డర్ తీయకముందే, మీరు బ్యాంకు నుంచి రాలేదని, వాళ్లు చెప్పేదానివల్ల లోన్ రావడం గానీ ఆగడం గానీ జరగదని స్పష్టంగా చెప్పండి. ఒక్కసారి చెప్తే నమ్మరు. రెండోసారి వెళ్లినప్పుడు మళ్లీ చెప్పండి.